గాడిద డల్‌గా ఉందంటే తేలిగ్గా తీసుకోకు

బాబూ,

గాడిదలను సాకుతున్నావని తెలిసి సంతోషించాను. ఒక్క కడుపు సంగతి మాత్రం ముందే చెప్పాలి. కడుపుశూల వస్తే గుర్రం నేల మీద పడి పొర్లుతుంది, పొట్టను కాలితో తన్నుకుంటుంది. గాడిద చాలాసార్లు అలా చేయదు. తల వాల్చి ఓ పక్కన నిలబడుతుంది, అంతే. అందుకే దానికి డల్‌గా ఉండటమే పెద్ద జబ్బు లక్షణం అనుకో. ఒక్క పూట మేత ముట్టకపోయినా డాక్టర్‌ను పిలువు. తిండి ఆగితే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలో చేరి, కాలేయాన్ని పాడుచేస్తుంది. లావుపాటి గాడిదలకు, చూలుతో ఉన్నవాటికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

రోజూ లద్దె చూడు. తగ్గినా, ఎండిపోయినట్టు గట్టి ఉండలు పడినా పేగులో మేత అడ్డుపడుతోందేమో అని అనుమానించు. నీళ్లు చాలకపోవడం, పళ్లు పాడై సరిగా నమలలేకపోవడం, ఇసుకో ప్లాస్టిక్ సంచులో మింగడం దీనికి కారణాలు. పళ్లను ఏటా చూపించు. శూల అనుకుని ఇంట్లో నూనె పట్టొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం.

ఇక పురుగులు. సన్నపురుగుల (పేగులో బతికే చిన్న నట్టల) పిల్లలు పెద్దపేగు గోడలో నెలల తరబడి దాక్కుని, ఒక్కసారిగా బయటికొచ్చినప్పుడు విరేచనాలు పట్టుకుంటాయి, గాడిద చిక్కిపోతుంది. అదే రకం నట్టల్లో పెద్దజాతివాటి పిల్లలైతే పేగుకు వెళ్లే రక్తనాళంలోకి చేరి రక్తం గడ్డకట్టేలా చేస్తాయి. పిల్లగాడిదలకు ఏలికపాములు ఎక్కువ. అవి కడుపునిండా ఉన్నప్పుడు మందు వేస్తే చచ్చిన పురుగులే పేగుకు అడ్డం పడవచ్చు కాబట్టి డాక్టర్‌ను అడగకుండా వేయకు.

ఈ మాట గట్టిగా చెబుతున్నాను: నట్టల మందును క్యాలెండర్ చూసి అన్నింటికీ పట్టించకు. ముందు లద్దెలో పురుగుల గుడ్ల లెక్క చేయించు, అవసరమైనవాటికే వెయ్యి. బరువు కంటిచూపుతో అంచనా వేయకు, ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి లెక్కగట్టు. డోసు తగ్గితే పురుగులు మందుకు అలవాటు పడిపోతాయి, తర్వాత ఆ మందు పనిచేయదు. మందుకన్నా మేలైన పని మేసేచోట లద్దెను వారానికి రెండుసార్లైనా ఎత్తేయడం. గుడ్లు పగిలి, పురుగు పిల్లలు గడ్డి మీదికి పాకేలోపే లద్దెతోపాటు పోతాయి.

ఎప్పుడైనా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే దాని జతగాడిదను కూడా వెంట తీసుకెళ్లు. జత విడిపోతే బెంగతో మేత మానేస్తుంది, జబ్బు ఇంకా ముదురుతుంది.