ఇగ్లూలిక్ వెళ్తున్న మేనకోడలికి

చి. మేనకోడలికి,
మీ అత్త ఆశీస్సులు.

కెనడా ఆర్కిటిక్‌లో, నునావుట్ ప్రాంతంలో ఉన్న ఇన్యూట్ ఆదివాసుల ఊరు ఇగ్లూలిక్ వాళ్ళు వాతావరణ మార్పు మీద, ఇనుప గని మీద తీస్తున్న సినిమాలో సౌండ్ అసిస్టెంట్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమైందమ్మా. మాంట్రియల్‌లో ఇన్నేళ్ళు ఎడిటింగ్ రూముల్లో కూర్చుని ఆర్కిటిక్ నుంచి వచ్చిన ఫుటేజీ చూసినదాన్ని కాబట్టి, నాకు తెలిసింది నీకు రాసి పంపాలనిపించింది.

అన్నిటికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకో. నోరులేని వాళ్ళ కథని లోకానికి చెప్పడానికి నువ్వు వెళ్ళడం లేదు. ఆ ఊరివాళ్ళు తమ సినిమాలు తామే తీసుకోవడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. వాళ్ళు చెప్పేది ముక్కలు కాకుండా, పలచబడకుండా, గనికి అనుమతులిచ్చే వాళ్ళ చెవిదాకా చేరాలి. అందులో నీ వంతు సాయం నువ్వు చేస్తావు, అంతే.

ఆ ఊరి చరిత్ర కొంచెం తెలుసుకుని వెళ్ళు. 1975లో ఒకసారి, 1979లో మరోసారి ఇగ్లూలిక్ జనం ఓట్లేసి మరీ టీవీ వద్దన్నారు. తమ ఇనుక్టిటుట్ భాషలో ఒక్క కార్యక్రమం కూడా లేని టీవీ ఇంట్లోకొస్తే పిల్లలు ఏమైపోతారోనని వాళ్ళ ఆందోళన. ఇన్యూట్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వచ్చి తమ భాషలో ప్రసారాలు ఉంటాయని తేలాకే, 1983లో సరేనన్నారు. ఈలోగా 1981లో ఆ ఊరి శిల్పి జకారియస్ కునుక్ తాను చెక్కిన రాతి బొమ్మలు మాంట్రియల్ తెచ్చి అమ్మి, ఆ డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కెళ్ళారు. 1990లో ఆయన, పాల్ అపాక్, పౌలూసీ కులిటాలిక్, నార్మన్ కోన్ కలిసి ఇసుమా అనే సినిమా సంస్థ పెట్టారు. మరుసటి ఏడాదే అక్కడి ఆడవాళ్ళు అర్నైట్ అనే తమ సొంత వీడియో బృందాన్ని మొదలుపెట్టారు. 2001లో ఇసుమా సినిమా 'అటనార్జువాట్'కి కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రానికిచ్చే కెమెరా డోర్ బహుమతి వచ్చింది. 2019లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో కెనడా తరఫున నిలబడింది కూడా ఇసుమానే.

అంతకుముందు బయటివాళ్ళు తీసిన సినిమాల సంగతి వేరు. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' మీ కాలేజీలో చూపించే ఉంటారు. నానూక్‌గా కనిపించిన ఆయన అసలు పేరు అల్లకరియల్లక్. తెరమీద భార్యగా చూపించినావిడ ఆయన భార్య కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత పాతకాలపు ఈటెలతో వేటాడించారు. డబ్బు పెట్టింది బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసే కంపెనీ. కాబట్టి నువ్వు పరికరాల పెట్టె పట్టుకుని దిగగానే ఎవరైనా ముభావంగా ఉంటే మనసు కష్టపెట్టుకోకు. నిన్ను చూసి, నీ పని చూసి, వాళ్ళంతట వాళ్ళే మాట కలుపుతారు.

ఇక గని సంగతి. దాని కాగితాలు చదవకుండా విమానం ఎక్కకు. బాఫిన్ దీవి ఉత్తర భాగంలో ఉన్న మేరీ రివర్ ఇనుప ఖనిజపు గని అది. మొదటి ప్రణాళిక ప్రకారం ఏడాదికి 1.8 కోట్ల టన్నుల ఖనిజం, 149 కిలోమీటర్ల రైలు మార్గం, స్టీన్స్‌బీ ఇన్లెట్ దగ్గర రేవు, ఏడాది పొడవునా ఓడలు. 2012లో ఇలాంటి ప్రాజెక్టుల ప్రభావాన్ని పరిశీలించే నునావుట్ ఇంపాక్ట్ రివ్యూ బోర్డు దాని మీద బహిరంగ విచారణలు జరిపింది. కంపెనీ ఇచ్చిన నివేదిక వేల పేజీలు, అదీ చాలావరకు ఇంగ్లీషులో. ఇంగ్లీషు చదవని వేటగాడు దాని మీద అభిప్రాయం ఎలా చెబుతాడు? అందుకే కునుక్, ఆయన బృందం ఊరి రేడియోలో, ఇంటర్నెట్‌లో జనం భాషలోనే చర్చలు పెట్టారు. లాయిడ్ లిప్సెట్ అనే మానవ హక్కుల న్యాయవాదిని తోడు తీసుకుని, ఈ గని వల్ల మనుషుల హక్కులకు ఏమవుతుందన్న ప్రశ్నను ఆ జూలైలో బోర్డు ముందు పెట్టారు. డిసెంబరులో షరతులతో అనుమతి వచ్చింది. ఆ తర్వాత కంపెనీ రైలును పక్కనపెట్టి, ఖనిజాన్ని లారీల్లో ఉత్తరాన ఉన్న మిల్న్ ఇన్లెట్‌కు తోలి ఓడలెక్కించింది. పాండ్ ఇన్లెట్ ఊరి వేటగాళ్ళు తిరిగే నీళ్ళు అవి.

ఏడాదికి 60 లక్షల టన్నుల నుంచి 1.2 కోట్ల టన్నులకు పెంచుతామని కంపెనీ అడిగినప్పుడు గొడవ ముదిరింది. 2021 ఫిబ్రవరిలో, ఎముకలు కొరికే చలిలో, పాండ్ ఇన్లెట్, ఆర్కిటిక్ బే వేటగాళ్ళు కొందరు గని విమానాల రన్‌వేని, లారీల దారిని వారం రోజులపాటు అడ్డుకున్నారు. 2022 మేలో బోర్డు ఈ విస్తరణ వద్దని సిఫార్సు చేసింది. నవంబరులో అప్పటి కేంద్ర మంత్రి డాన్ వాండల్ ఆ విస్తరణను తిరస్కరించారు. విచారణ హాల్లో మైకు ముందు ఒక ముసలావిడ చెప్పిన మాటకు విలువ ఉంటుందని నీకు నమ్మకం సడలినప్పుడల్లా ఈ తేదీలు గుర్తుచేసుకో.

వాతావరణ మార్పు ఒక సినిమా, గని ఇంకో సినిమా అనుకోకు. సముద్రం ఆలస్యంగా గడ్డకట్టి త్వరగా విడిపోతే ఓడలు తిరిగే కాలం పెరుగుతుంది. మిగిలిన మంచును చీల్చుకుంటూ ఐస్‌బ్రేకర్లు వస్తాయి. ఆ చప్పుడుకు నార్వాల్ తిమింగలాలు దూరంగా పోతున్నాయని పాండ్ ఇన్లెట్ వేటగాళ్ళు చెబుతున్నారు. నార్వాల్ చూపు కంటే వినికిడి మీద బతికే జంతువు. నువ్వు సౌండ్ మనిషివి కదా, నాకు ఇక్కడ గొప్ప ఆశ ఉంది. నీటి కింద వాడే మైకు ఒకటి టీమ్ దగ్గర ఉందేమో అడుగు. ఓడ లేనప్పుడు ఆ నీళ్ళు ఎలా వినిపిస్తాయో, ఓడ వచ్చినప్పుడు ఎలా వినిపిస్తాయో రికార్డు చెయ్యి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది మాత్రం వేటగాడే నిర్ణయించాలి. ఆయన ఇంజన్ ఆపి చెవి పెట్టిన చోట నువ్వూ మైకు పెట్టు. తేదీ, సమయం, చోటు రాసుకో. అలా రాసి ఉంచిన శబ్దం రేపు విచారణలో సాక్ష్యంగా పనికొస్తుంది.

పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగుతారు. మాట అయిపోయిందనుకుని రికార్డర్ ఆపెయ్యకు. అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. ఎడిటింగ్‌లో నాకు ఎక్కువ బాధ కలిగించేది అలా ఆగిపోయిన టేపులే. నీకు అర్థం కాని మాటని అనవసరమని కొట్టిపారెయ్యకు. కునుక్, ఇయాన్ మౌరో కలిసి 2010లో వాతావరణ మార్పు మీద తీసిన డాక్యుమెంటరీలో వేర్వేరు ఊళ్ళ పెద్దలు ఒకే మాట అంటారు: సూర్యుడు పాత చోట ఉదయించడం లేదు, నక్షత్రాలు కదిలాయి, భూమి వంగింది. ఈ మాట విని శాస్త్రవేత్తలు కొందరు తల అడ్డంగా ఊపారు. కానీ చలిగాలి పొర మీద వెచ్చటి గాలి చేరితే వెలుగు వంగుతుంది, సూర్యుడు ఉన్న చోట కాక వేరే చోట కనబడతాడు. పెద్దలు చూసింది నిజంగా చూసిందే. ఆ మాటని కత్తిరించి ఉంటే ఆ సినిమా ఎంత పేదదయ్యేదో ఆలోచించు.

వేటగాళ్ళ మాట సాక్ష్యమే అన్న పట్టు సినిమావాళ్ళది మాత్రమే కాదు. 2005 డిసెంబరులో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియర్, ఇంకో 62 మంది ఇన్యూట్‌తో కలిసి ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కమిషన్‌కు పిటిషన్ పెట్టారు. అమెరికా వదులుతున్న వాయువుల వల్ల మంచు కరిగి తమ హక్కులు పోతున్నాయని అందులో వాదన. కమిషన్ దాన్ని విచారణకు తీసుకోలేదు కానీ, 2007లో ఆవిడను పిలిచి విన్నది.

ఊరంతా ఒకే గొంతుతో మాట్లాడుతుందని ఆశించకు. గనిలో ఉద్యోగం చేసే కొడుకు, దాన్ని వద్దనే తండ్రి ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. నునావుట్‌లో సరుకుల ధరలు చూస్తే ఆ జీతం ఎంత అవసరమో నీకే తెలుస్తుంది. ఇద్దరి మాటా శ్రద్ధగా రికార్డు చెయ్యి. ఒకరి ఇంట్లో విన్నది ఇంకొకరి ఇంట్లో అనకు. మన ఊళ్ళలాగే అక్కడా మాట తొందరగా తిరుగుతుంది.

మంచు ముక్క మీద ఒంటరి ఎలుగుబంటి షాట్ కోసం ఎవరైనా బయటి నిర్మాత ఒత్తిడి చేస్తే, అది ఎవరి సినిమా అని మర్యాదగానే అడుగు. జంతువుల మీద జాలి పుట్టించే బొమ్మలు ఇన్యూట్ ప్రజలకు ఎంత నష్టం చేశాయో అలేథియా అర్నాకుక్-బరిల్ 2016లో తీసిన 'యాంగ్రీ ఇనుక్' చూపిస్తుంది. ఇన్యూట్ వేటాడే సముద్ర జంతువు సీల్. దాని తోలు లాంటి ఉత్పత్తుల అమ్మకాన్ని 2009లో యూరోపియన్ యూనియన్ నిషేధించింది. ఇన్యూట్‌కు మినహాయింపు ఇచ్చామన్నారు గానీ, మార్కెట్టే కుప్పకూలితే మినహాయింపు ఏం చేసుకుంటారు? వెళ్ళేలోపు ఆ సినిమా తప్పకుండా చూడు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు కెమెరా పట్టి తమ పొలాల మీద, బీటీ పత్తి మీద సినిమాలు తీశారని నీకు ఒకసారి చెప్పాను. ఎదుటి మనిషి కళ్ళ ఎత్తులో పెట్టే షాట్‌ని వాళ్ళు సంఘం షాట్ అన్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. ఇగ్లూలిక్‌లో కూడా అలాగే చెయ్యమ్మా. పెద్దావిడ నేల మీద కూర్చుని జంతువు తోలు గీకుతూ మాట్లాడుతుంటే నువ్వూ నేల మీదే కూర్చో. బూమ్ (మైకు కట్టిన పొడవాటి కర్ర) పట్టుకుని నెత్తిన నిలబడకు.

చలి గురించి కాలేజీలో చెప్పని రెండు మూడు విషయాలు. బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకో. బయట పెడితే చూస్తుండగానే దిగిపోతాయి. బయటి నుంచి వెచ్చటి ఇంట్లోకి వచ్చేముందే పరికరాలన్నీ ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టెయ్యి, లోపలికి వచ్చాక గంటల తరబడి విప్పకు. లేకపోతే నీరు పట్టి మైకు పాడవుతుంది. నైలాన్ కోటు వద్దు, చెయ్యి కదిపితే చాలు బరబరలాడుతుంది. పై బట్టల విషయంలో ఊళ్ళోవాళ్ళు ఏది వేసుకోమంటే అది వేసుకో. మంచు మీద ఎవరి వెనక నడవమంటే వాళ్ళ వెనకే నడు, షాట్ కోసం పక్కకు పోకు.

విచారణ హాల్లో దుభాషులు అప్పటికప్పుడు అనువదిస్తుంటారు. ఇనుక్టిటుట్ ఒక ట్రాక్‌లో, ఇంగ్లీషు అనువాదం ఇంకో ట్రాక్‌లో విడివిడిగా తీసుకో. రెండూ కలిపేస్తే సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళకు నరకమే. పైగా హడావిడిలో దుభాషి వదిలేసిన మాటలు తర్వాత పెద్దల దగ్గర కూర్చుని సరిచూసుకోవడానికి అసలు గొంతు శుభ్రంగా ఉండాలి. ఆ సరిచూసే పనికి బడ్జెట్‌లో డబ్బు ఉందా అని ముందే అడుగు. సినిమా బడ్జెట్లలో అందరికంటే ముందు కోత పడేది అనువాదానికే.

కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోతుందనుకోకు. ఎడిటింగ్ అయ్యాక ఆ మనిషికి తన భాగం చూపించి మళ్ళీ అడగాలి. వద్దంటే తీసెయ్యాలి, ఎంత మంచి షాటైనా సరే. ఫుటేజీ మొత్తం కాపీ ఊరి దగ్గర ఉండాలి, టొరంటోలో కాదు. మొదటి ప్రదర్శన ఊళ్ళోనే జరగాలి, చిత్రోత్సవాలు ఆ తర్వాత. సినిమా ఇగ్లూలిక్ వాళ్ళదైనా డబ్బు పెట్టేవాళ్ళు వేరే ఉంటారు కదా, ఈ షరతులు కాంట్రాక్టులో రాసి ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందు చూడు. లేకపోతే డైరెక్టర్‌ని అడుగు. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. కాంట్రాక్టు కాపీ నాకు కూడా పంపు. శనివారం ఫోన్‌లో కూర్చుని ఒక్కొక్క లైనూ చదువుదాం.

ప్రేమతో,
మీ అత్త