టెక్ సందేహాలు: చంకలో పుస్తకం, ఊరంతా వెతుకులాట

ప్రశ్న: నేను హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గేమ్ గ్రాఫిక్స్ నేర్చుకుందామని ఒక మెసేజింగ్ గ్రూపులో కనబడిన ఫిజికల్లీ బేస్డ్ రెండరింగ్ అనే పుస్తకం డౌన్‌లోడ్ చేశాను. జిప్ ఫైల్‌కి పాస్‌వర్డ్ ఉంది, అది కూడా గ్రూపులోనే పెట్టారు. లోపల పీడీఎఫ్ బొమ్మ ఉన్న ఫైల్ నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. యాంటీవైరస్ అడ్డుపడుతోందేమోనని దాన్ని ఆపేసి మళ్లీ నొక్కాను. రెండు రోజుల తర్వాత నా సోషల్ మీడియా ఖాతాలో ఎవరో క్రిప్టో ప్రకటనలు పెడుతున్నారు. ఓటీపీ ఏదీ రాలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. ఎలా జరిగింది? ఆ పుస్తకం అసలు ఎక్కడ దొరుకుతుంది?

ఏమీ తెరుచుకోలేదని రాశారు. మీ ల్యాప్‌టాప్ తలుపు తెరుచుకుంది.

ఇలాంటి ఉత్తరం ఈ రెండు నెలల్లో నాకు ఇది ఏడోది. పుస్తకం పేరు మారుతుంది, కాలేజీ మారుతుంది, కథ మాత్రం అదే. అందుకే ఈసారి కాస్త విడమరిచి చెబుతాను, విసుగు కనబడితే ఏమీ అనుకోకండి.

జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఎప్పుడైనా ఆలోచించారా? పుస్తకాన్ని ఊరంతటికీ పంచేవాడికి తాళం ఎందుకు, పైగా తాళంచెవి పక్కనే ఎందుకు? తాళం మీ కోసం కాదు, యాంటీవైరస్ కోసం. ఎన్‌క్రిప్ట్ అయిన జిప్ లోపల ఏముందో స్కానర్‌కి కనబడదు. బ్రౌజర్, మెయిల్ కూడా చాలాసార్లు దాన్ని గుడ్డిగా వదిలేస్తాయి. లోపలున్న ఫైల్ పేరు చివర పీడీఎఫ్ అని ఉంటుంది, దాని తర్వాత ఈఎక్స్‌ఈ అనో, ఎస్‌సీఆర్ అనో, ఎల్‌ఎన్‌కే అనో ఇంకో తోక ఉంటుంది, అంటే అది పుస్తకం కాదు, నొక్కగానే ప్రోగ్రాం నడిపే ఫైల్. ఆ తోక మీకెందుకు కనబడలేదంటే, విండోస్ తెలిసిన రకం ఫైళ్ల తోకల్ని దాచేసేలాగే కంప్యూటర్‌తో వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఏర్పాటు ఇలాగే ఉంది. చూడటానికి నీటుగా ఉంటుందని ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయానికి ఇన్నేళ్లుగా జనం మూల్యం కడుతున్నారు. ఎల్‌ఎన్‌కే సంగతి ఇంకా ఘోరం. తోకలు చూపించమని సెట్టింగ్ మార్చినా అది మాత్రం దాక్కునే ఉంటుంది.

ఇక ఓటీపీ రాకుండా ఖాతా ఎలా పోయిందంటారా. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక కుకీ దాచుకుంటుంది. "ఇతను ఇందాకే ఓటీపీ చెప్పి లోపలికొచ్చాడు" అన్న గేట్‌పాస్ లాంటిది అది. మీరు నొక్కిన ఫైల్ ఆ గేట్‌పాస్‌లనీ, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనీ నిమిషంలో మూటగట్టి పంపేసి, చాలాసార్లు తనను తానే చెరిపేసుకుంటుంది. అవతలివాడు గేట్‌పాస్ చూపించి దర్జాగా లోపలికి వెళ్తాడు. ఓటీపీ అడిగేవాడే ఉండడు. కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మార్చకండి, కొత్తది కూడా వాళ్ల చేతికే పోవచ్చు. వేరే శుభ్రమైన పరికరం నుంచి మార్చండి. ముందు మెయిల్, ఆ తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. ప్రతి ఖాతాలోనూ "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కండి. ఇది నొక్కకపోతే పాత గేట్‌పాస్ కొన్నిచోట్ల ఇంకా చెల్లుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రోగ్రామింగ్ చదివేవాళ్లకి మరో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఫలానా పుస్తకం సోర్స్ కోడ్ అంటూ ఎవరో తిరిగి ఎక్కించిన ప్రాజెక్టు దించుకుంటారు. "నేను రన్ చేయలేదు, ఊరికే కంపైల్ చేశాను" అంటారు. విజువల్ స్టూడియో అనే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైల్‌లో, బిల్డ్‌కి (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే పనికి) ముందే నడిచే కమాండ్‌లు రాసుకోవచ్చు. అంటే బిల్డ్ బటన్ నొక్కితే చాలు, దాడి అప్పుడే మొదలవుతుంది. కోడ్ రచయిత సొంత పేజీ నుంచే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఇంత ప్రమాదం నెత్తికెత్తుకుని మీరు వెతికిన పుస్తకం పేరు ఉత్తరంలో రాశారు కదా, ఫిజికల్లీ బేస్డ్ రెండరింగ్ అని. దాన్ని రాసినవాళ్లే నెట్‌లో ఉచితంగా పెట్టారు. పీబీఆర్-బుక్ డాట్ ఆర్గ్‌లో మొత్తం పుస్తకం, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉంది. 2023లో అచ్చయిన నాలుగో ఎడిషనే, 1200 పేజీలకు పైగా. లాగిన్ అక్కర్లేదు, జిప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇది మామూలు పుస్తకం కూడా కాదు. సినిమాల్లో వెలుగునీడలు నిజంగా కనబడేలా చేసే పద్ధతిని కోడ్‌తో సహా వివరించినందుకు 2014లో ఆస్కార్ అకాడమీ వాళ్లు దీని రచయితలకు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. తెలుగు పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు మనం ఊళ్లలో బాణసంచా కాల్చాం, ఒక ప్రోగ్రామింగ్ పుస్తకానికి అంతకు తొమ్మిదేళ్ల ముందే ఆ అకాడమీ పురస్కారం వచ్చిందంటే క్లాసులో ఎవరూ నమ్మరు.

అయితే మొదటి పుస్తకంగా దాన్ని ముట్టుకోవద్దు, మధ్యలో వదిలేస్తారు. పీటర్ షర్లీ రాసిన రే ట్రేసింగ్ ఇన్ వన్ వీకెండ్‌తో మొదలుపెట్టండి. రే ట్రేసింగ్ అంటే కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి. అదీ ఉచితమే. 2016లో వచ్చినప్పుడు ఈబుక్‌గా అమ్మారు, తర్వాత అందరికీ వదిలేశారు. గేమ్‌ల వైపు వెళ్లాలనుకుంటే లెర్న్‌ఓపెన్‌జీఎల్ డాట్ కామ్ చాలు, ఓపెన్‌జీఎల్ అంటే గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే ఆదేశాల ప్రమాణం. జీపీయూ జెమ్స్ మూడు సంపుటాలనూ గ్రాఫిక్స్ చిప్‌లు చేసే కంపెనీయే తన సైట్‌లో పెట్టింది. 2019, 2021లో వచ్చిన రే ట్రేసింగ్ జెమ్స్ రెండు భాగాలూ ప్రచురణకర్తల దగ్గరే పైసా కట్టకుండా దించుకోవచ్చు. మైఖేల్ ఆబ్రాష్ 1997లో రాసిన లావుపాటి బ్లాక్ బుక్ కూడా అంతే. దాంట్లోని హార్డ్‌వేర్ ఇప్పుడు మ్యూజియంలో ఉండాలి కానీ, నెమ్మదిగా నడిచే కోడ్‌ని ఎలా కొలవాలో, ఎలా ఆలోచించాలో ఇప్పటికీ అందులో నేర్చుకోవచ్చు.

మూల వ్యాసాల మీద కూడా ఇప్పుడు తాళం లేదు. ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం 1951 నుంచి 2000 దాకా ప్రచురించినదంతా 2022 ఏప్రిల్‌లో అందరికీ తెరిచేసింది. 1975లో ఫాంగ్ రాసిన షేడింగ్ వ్యాసం, 1980లో విటెడ్ రాసిన రే ట్రేసింగ్ వ్యాసం, 1986లో కజియా రాసిన రెండరింగ్ ఈక్వేషన్, మూడూ అందులోనే ఉన్నాయి. పేర్లు పరీక్ష కోసం బట్టీ పట్టారు కదా, ఒకసారి అసలు వ్యాసాలు తెరిచి చూడండి. విటెడ్ వ్యాసం ఏడు పేజీలే.

ఇంకో మాట. గ్రూపుల్లో తిరిగే ఫైళ్లలో సగం పాత ఎడిషన్లు. ఓపెన్‌జీఎల్‌లో జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ పద్ధతిని 2009లోనే మూల ప్రమాణం నుంచి తీసేశారు. ఇప్పటికీ దాన్నే కష్టపడి నేర్చుకుని "కోడ్ పనిచేయట్లేదు సార్" అని నాకు రాస్తున్నారు. మీ తప్పేమీ లేదులెండి. కొన్ని కాలేజీల్లో గ్రాఫిక్స్ ల్యాబ్ అంటే ఇప్పటికీ డాస్‌బాక్స్‌లో టర్బో సీ తెరిచి, గ్రాఫిక్స్ డాట్ హెచ్ కలిపి, 16 రంగుల్లో గుడిసె గీయడమే. పిల్లవాడి చేతిలోని ఫోన్ సెకనుకి కోట్ల పిక్సెళ్లకి రంగులద్దుతుంటే, రికార్డు బుక్‌లో మాత్రం 640 బై 480 గుడిసె. ఆ గుడిసెకి పది మార్కులు.

ప్రశ్న: టెక్నికల్ పుస్తకాల కోసమే ఈ-ఇంక్ రీడర్ కొన్నాను. నవలలు బాగానే ఉన్నాయి, గ్రాఫిక్స్ పుస్తకం మాత్రం చదవలేకపోతున్నాను. కోడ్ లైన్లు విరిగిపోతున్నాయి, బొమ్మలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. సెట్టింగ్ ఏదైనా ఉందా? (బెంగళూరు నుంచి ఒక ఉద్యోగిని)

లేదమ్మా. ఆరు అంగుళాల తెర మీద 16 బూడిద ఛాయలతో రంగుల గురించిన పుస్తకం చదవాలనుకోవడమే అసలు చిక్కు. పీడీఎఫ్ అయితే అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఈపబ్ అయితే పేజీ వెడల్పుకి తగ్గట్టు కోడ్ విరిగిపోతుంది. నార్మల్ మ్యాప్ అంటే ఉపరితలం ఎక్కడ ఎటు వాలి ఉందో రంగుల్లో చెప్పే ఊదారంగు బొమ్మ, దాన్ని బూడిదలో చూపిస్తే అర్థమయ్యేదేముంటుంది? ఇలాంటి పుస్తకాలకి పాత పెద్ద టాబ్లెట్ మేలు, మామూలు మానిటర్ ఇంకా మేలు. కాగితమైతే అన్నిటికన్నా మేలు కానీ, ఒక హెచ్చరిక. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను కొన్న ఇండియన్ ఎడిషన్‌లో రంగుల పేజీలన్నీ నలుపు తెలుపులో అచ్చేశారు. "పటంలో ఎర్రటి ప్రాంతాన్ని గమనించండి" అని కింద రాసి ఉంది. సీడీ జేబు ఖాళీ.

రీడర్ల విషయంలో నా అసలు కోపం వేరే. వాటిల్లో మీరు "కొనుక్కున్న" పుస్తకం చాలావరకు మీది కాదు, చదువుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. 2009లో ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం హక్కుల గొడవ వచ్చి, జనం డబ్బిచ్చి కొన్న నవలని వాళ్ల రీడర్లలోంచి రాత్రికి రాత్రి చెరిపేసింది. 2019లో ఇంకో పెద్ద కంపెనీ ఈబుక్ దుకాణం మూసేసి, డబ్బు తిరిగిచ్చి, పుస్తకాలన్నీ మాయం చేసింది. మార్జిన్‌లో మీరు రాసుకున్న నోట్స్‌ని ఎవరు తిరిగిస్తారు? టెక్నికల్ పుస్తకం ఈ-కాపీ కొనేటప్పుడు తాళం లేని పీడీఎఫ్ ఇచ్చే ప్రచురణకర్త దొరికితే వంద ఎక్కువైనా అక్కడే కొనండి.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టొచ్చా? (పలాస నుంచి)

భేషుగ్గా. పైన చెప్పిన వీకెండ్ పుస్తకానికి సీ ప్లస్ ప్లస్ కంపైలర్ తప్ప ఏమీ అక్కర్లేదు. బొమ్మని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా రాయడంతోనే మొదలవుతుంది. చివరి బొమ్మ రావడానికి గంటలు పట్టొచ్చు, ఆలోగా భోజనం చేసి రండి.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో పాలిటెక్నిక్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ మీద తెలుగులో పుస్తకం రాశాను. యూనికోడ్‌లోనే టైపు చేసి ఇచ్చాను. డీటీపీ చేయించాక చూస్తే కోడ్ భాగాలు కొన్ని చోట్ల తెలుగు ముక్కలుగా మారిపోయాయి. పీడీఎఫ్‌లో ఏ పదం వెతికినా దొరకడం లేదు. ప్రెస్సువాళ్లు "అచ్చులో బాగానే వస్తుందండీ" అంటున్నారు.

మాస్టారూ, అచ్చులో బాగానే వస్తుంది. వచ్చిన బాధల్లా ఆ మాటతోనే.

మీ డీటీపీ కేంద్రం వాడినవి, ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతికి ముందు కాలపు ఫాంట్లు. వాటిలో "క" అన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరమే కాదు, ఏదో ఇంగ్లిష్ అక్షరానికి తెలుగు చొక్కా తొడిగారంతే. అందుకే పేజీ మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చినప్పుడు మీ "ఫర్ లూప్" కూడా అదే చొక్కా తొడుక్కుంది. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిరాతలు, ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అది సున్నా. చూపులేని విద్యార్థికి మీ పుస్తకం లేనట్టే లెక్క. తయారీదారే ఇరవై ఏళ్ల కిందట పక్కన పెట్టేసిన పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని, అది నడవడానికి పాత విండోస్‌ని, అప్‌డేట్ లేని ఆ మెషీన్‌లో అందరి పెన్‌డ్రైవ్‌లని కలిపి వాడుతున్న కేంద్రాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చుకునే ముందు స్కాన్ చేయండి, పైన హనుమకొండ కుర్రాడికి చెప్పిన సంగతులన్నీ మీకూ వర్తిస్తాయి.

ఆపరేటర్లని అని లాభం లేదు. తెలుగు అక్షరాలని తెర మీద పేర్చడం నిజంగానే కష్టమైన గ్రాఫిక్స్ సమస్య. వత్తులు కిందికి పోవాలి, గుణింతాలు పైకెక్కాలి. 2018 ఫిబ్రవరిలో ఒక ఖరీదైన ఫోన్‌కి "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే యాప్ కుప్పకూలేది, ప్రపంచమంతా నవ్వుకుంది. ఆ కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిచేసుకుంది. మన పుస్తకాల ప్రపంచం మాత్రం ఇన్నేళ్లైనా కదలలేదు. గత పాతికేళ్లలో అచ్చైన వేల తెలుగు పుస్తకాల మూల ఫైళ్లు ఇలాగే మూగగా పడున్నాయి. రేపెవరైనా వాటిని రెండో ముద్రణ వేయాలంటే మళ్లీ టైపు చేయించుకోవాలి, లేదా కన్వర్టర్‌లో వేసి వత్తులు ఎక్కడ ఊడిపోయాయో పేజీ పేజీ వెతుక్కోవాలి.

మీ పుస్తకానికి ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. మీరు టైపు చేసిన మూలం యూనికోడ్‌లోనే ఉందని రాశారు, అది బంగారం, రెండు చోట్ల దాచండి. మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. గణితం ఎక్కువుంది కాబట్టి అలాంటి పుస్తకాల పేజీలు పేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ లాటెక్‌లో, యూనికోడ్ తెలుగుని సరిగ్గా పేర్చే జీటెక్ ఇంజన్‌తో పేజీలు కట్టించండి. మీ పాత విద్యార్థుల్లో ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది. కోడ్‌ని పుస్తకంలోకి చేత్తో అతికించవద్దు, నడుస్తున్న ఫైల్ నుంచే నేరుగా లాక్కునేలా పెట్టించండి. లేకపోతే వర్డ్ ప్రాసెసర్ మామూలు కొటేషన్లని వంకర కొటేషన్లుగా, మైనస్‌ని పొడవాటి గీతగా మార్చేస్తుంది, చదివి కొట్టినవాడికి ఎర్రర్లు వస్తాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బివ్వకండి, రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

ప్రెస్సుకి వెళ్లినప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి. వాళ్లిచ్చిన పీడీఎఫ్‌లో ఒక తెలుగు వాక్యం, పక్కనే ఉన్న ఒక కోడ్ లైను కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. రెండూ ఉన్నవి ఉన్నట్టు వస్తేనే అడ్వాన్స్ ఇవ్వండి.