రోజుకు ఎంత దూరం? బండి ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి: బండి మీద రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి అని. ఒక అంకె చెప్పి ఊరుకుంటే అది జయపురం వాళ్ళకు ఎక్కువవుతుంది, బరంపురం వాళ్ళకు తక్కువవుతుంది. అందుకే ఎవరి దారిని బట్టి వాళ్ళకు జవాబు రాస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, డిసెంబరు చివర్లో నేను, నా భార్య 125 సీసీ బండి మీద అన్నవరం వెళ్ళి సత్యదేవుడి వ్రతం చేయించుకుందామనుకుంటున్నాం. ఫోన్‌లో చూస్తే సుమారు 320 కిలోమీటర్లు, ఏడు గంటలు అని చూపిస్తోంది. ఒక్క రోజులో చేరగలమా?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: చేరగలరు. అయినా వద్దంటున్నాం. ఎందుకో దారిని ముక్కలు చేసి చూద్దాం.

జయపురం నుంచి కోరాపుట్ 22 కిలోమీటర్ల ఘాటు ఎక్కడానికి ఇద్దరితో 40 నిమిషాలు పడుతుంది. కోరాపుట్ నుంచి సిమిలిగుడ మీదుగా పొట్టంగి దాకా సుమారు 45 కిలోమీటర్లు, గంటంబావు. పొట్టంగి నుంచి సుంకి ఘాటు దిగి సాలూరు చేరడానికి 30 కిలోమీటర్లే, కానీ లారీల వెనక పోవాల్సి వస్తుంది కాబట్టి గంట. సాలూరు నుంచి విజయనగరం 60 పైచిలుకు. మధ్యలో రామభద్రపురం, గజపతినగరం లాంటి ఊళ్ళు తగులుతాయి కాబట్టి గంటన్నర. అక్కణ్ణుంచి ఆనందపురం 50 నిమిషాలు. ఆనందపురం నుంచి అనకాపల్లి, తుని దాటి అన్నవరం దాకా మంచి హైవే, 125 కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. అన్నీ కలిపితే ఏడున్నర గంటలు. ఇది చక్రం తిరిగే సమయం మాత్రమే. టిఫినుకు అరగంట, భోజనానికి ముప్పావుగంట, పెట్రోలుకు పావుగంట, గంటన్నరకోసారి నడుం వాల్చకపోయినా కాళ్ళు చాపుకోవడానికి పావుగంట చొప్పున మరో గంట. మొత్తం పది గంటలైంది.

డిసెంబరు చివర్లో మీ దగ్గర పొద్దు పొడిచేది దాదాపు ఆరున్నరకు, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. పగలు పదకొండు గంటలే. పైగా కోరాపుట్, పొట్టంగి మధ్య పొగమంచు దిగితే పొద్దున్న ఎనిమిదింటి దాకా ముందు లారీ వెనక లైటు కూడా కనపడదు. ఏడింటికి బయల్దేరినా సాయంత్రం ఐదవుతుంది. ఈ లెక్కలో ఒక్క పంక్చర్‌కు కూడా చోటు లేదు. మేం వద్దనేది అందుకే.

దూరం ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పగలు ఎన్ని గంటలుంటుందో చూసి అందులో నాలుగో వంతు ముందే పక్కన పెట్టేయండి. పంక్చర్, వాన, దారి తప్పడం, ఘాట్లో అడ్డంగా ఆగిపోయిన లారీ, అన్నీ ఆ నాలుగో వంతులోంచే తీరాలి. పదకొండులో అది పోతే ఎనిమిది గంటల చిల్లర మిగులుతుంది. ఆగడానికి రెండు గంటలు తీసేస్తే నడిపేది ఆరు గంటలు. ఆ ఆరు గంటల్ని ఘాట్లో గంటకు 30, ఊళ్ళు తగిలే రెండు వరుసల రోడ్డు మీద 40, నాలుగు వరుసల హైవే మీద 55 చొప్పున ఖర్చు పెట్టండి. మీ దారిలో ఆరు గంటలు సరిగ్గా అనకాపల్లి దగ్గర పూర్తవుతాయి. అంటే సుమారు 240 కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడు, మూడున్నరకు గది తీసుకుని బండి చూసుకుని పడుకోండి. మర్నాడు తెల్లారి బయల్దేరితే 75 కిలోమీటర్లే కాబట్టి వ్రతం వేళకు అలసట లేకుండా కొండ మీద ఉంటారు.

తిరుగు ప్రయాణంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. సాలూరు మధ్యాహ్నం రెండు లోపు దాటలేకపోతే ఆ రాత్రి సాలూరులోనే ఉండిపోవాలి. సుంకి ఘాటు చీకట్లో ఎక్కాల్సిన దారి కాదు.

ప్రశ్న: సుంకి ఘాటు దిగుతుంటే సగం దూరం వచ్చేసరికి వెనక బ్రేకు తొక్కినా బండి ఆగలేదు. భయపడి పక్కకు తీసి ఆపాను. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే మామూలుగానే పట్టింది. మెకానిక్ దగ్గర చూపిస్తే ఏమీ లేదన్నాడు. ఎందుకలా అయింది?
— ఒక పాఠకుడు, సిమిలిగుడ

జవాబు: డ్రమ్ము వేడెక్కింది. కిందికి దిగేటప్పుడు బండి బరువు, ఇద్దరి బరువు, సామాను, అన్నిటినీ ఆపే పని బ్రేకు మీదే పెడితే ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములో నిలుస్తుంది. డ్రమ్ము వేడికి కొద్దిగా వ్యాకోచిస్తుంది, అందుకే పెడల్ ఎక్కువ లోపలికి పోతుంది. బ్రేక్ షూ మీది లైనింగు వేడెక్కాక పట్టు తగ్గి నున్నగా జారుతుంది. చల్లారాక మళ్ళీ పడుతుంది కాబట్టి షెడ్డులో ఏమీ కనపడదు. ఒకసారి చక్రం విప్పించి షూ పైభాగం అద్దంలా మెరుస్తోందేమో చూడమనండి. మెరుస్తుంటే మార్చేయండి. గరుకు కాగితంతో రుద్ది వాడుకోవడం తాత్కాలికమే.

దిగేటప్పుడు ఏ గేరు? అదే కొండ ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే. 100, 125 సీసీ బండ్లకు సుంకిలో చాలా చోట్ల అది రెండో గేరు, కాస్త వాలు తగ్గితే మూడు. ఇంజను గట్టిగా మోగుతుంది, మోగనివ్వండి, దానివల్ల నష్టం లేదు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో పెట్టి లేదా ఇంజను ఆపేసి దిగేవాళ్ళు మన వైపు ఎంతోమంది ఉన్నారు. ఇంజను పట్టు పూర్తిగా పోయి మొత్తం భారం ఆ చిన్న డ్రమ్ముల మీద పడుతుంది. దయచేసి ఆ అలవాటు మానుకోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి ఒకసారి గట్టిగా పట్టి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేసి మలుపు తిరగండి. వదిలినప్పుడే డ్రమ్ము చల్లబడుతుంది.

కాలిన వాసన వచ్చిందంటే ఆగాల్సిందే. వేడి డ్రమ్ము మీద నీళ్ళు పోయకండి, ఒక్కసారిగా చల్లబడితే పగలొచ్చు, వంకరపోవచ్చు. ఊరికే పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. ముందు డిస్కు ఉన్న బండిలో లక్షణం వేరుగా ఉంటుంది: లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా తేమ చేరిన ఆయిల్ త్వరగా మరిగి బుడగలు కడుతుంది, బుడగలు నొక్కుడుకు నలుగుతాయే తప్ప ఒత్తిడి ప్యాడు దాకా చేరనివ్వవు. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ మార్పించాలి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయించండి.

ప్రశ్న: ఫిబ్రవరిలో బరంపురం నుంచి విజయవాడ, 150 సీసీ బండి, ఒక్కడినే. సుమారు 610 కిలోమీటర్లు. ఒక్క రోజులో కొట్టేశామని మిత్రులు చెబుతున్నారు. నేను రెండు రోజులు అనుకుంటున్నాను, విశాఖలో రాత్రి బస. సరేనా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: రెండు రోజులే సరి. విశాఖలో బస మాత్రం మార్చుకోండి. నగరంలోకి దిగి హోటలు వెతుక్కోవడానికి సాయంత్రం గంట, మర్నాడు పొద్దున్న ఆఫీసుల వేళ బయటపడడానికి మరో గంట పోతుంది. పైగా మొదటి రోజు 260, రెండో రోజు 350 పడుతుంది. అలసట రోజు రోజుకూ పోగవుతుంది కాబట్టి పెద్ద దూరం రెండో రోజుకు పెట్టడం మంచిది కాదు. ఆనందపురం దగ్గర బైపాస్ పట్టుకుని అనకాపల్లి దాకా వెళ్ళిపోతే మొదటి రోజు 290, రెండో రోజు 320 అవుతుంది. హైవే పక్క ఊళ్ళో గది చవక, పార్కింగు సులువు. టోల్‌గేట్ల దగ్గర బండికి రుసుము లేదు, ఎడమ పక్క దారి వదులుతారు.

మీ దారిలో ఘాటు లేదు, కానీ నిద్ర ఉంది. తిన్నగా పోయే నాలుగు వరుసల రోడ్డు మీద, భోజనం చేశాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కళ్ళు తెరిచే ఉన్నా మనసు ఒకటి రెండు సెకన్లు ఆగిపోతుంది. గంటకు 70 వేగంలో ఒక సెకనుకు బండి 19 మీటర్లు పోతుంది. ఈ గుర్తులు తెలుసుకోండి: ఇప్పుడే దాటిన ఊరి పేరు గుర్తు రాకపోవడం, గేరు తప్పడం, అక్కర్లేకుండా వేగం ఎక్కువ తక్కువ కావడం, హెల్మెట్ బరువనిపించడం, మాటిమాటికీ ఆవలింత. వీటిలో ఏ రెండు కనిపించినా మిగిలిన దూరం ఎంతని చూడకుండా ఆపండి. టీ తాగితే సరిపోతుందనుకుంటారు. టీ పనిచేయడానికి అరగంట పడుతుంది. టీ తాగి, వెంటనే నీడలో 20 నిమిషాలు పడుకుని లేస్తే రెండూ కలిసొస్తాయి.

ప్రశ్న: నలుగురం స్నేహితులం రాయగడ నుంచి కోరాపుట్, దేవమాలి చూసి రావాలనుకుంటున్నాం. రెండు 100 సీసీ బండ్లు, రెండు 350లు. మాలో ఎవర్ని బట్టి దూరం పెట్టుకోవాలి?
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: తమ్ముడూ, వేగానికి చిన్న బండిని, పెట్రోలుకు పెద్ద బండిని లెక్కలోకి తీసుకో. చాలామంది తిరగేసి అనుకుంటారు. 100 సీసీ బండి ట్యాంకు పదికి కాస్త తక్కువ లీటర్లే అయినా లీటరుకు 60 ఇస్తే 580 దాకా పోతుంది. 13 లీటర్ల ట్యాంకున్న 350 లీటరుకు 35 ఇస్తే 455. కొండ దారిలో అందులో నాలుగో వంతు తగ్గించుకో, 340 దగ్గర ఖాళీ. ట్యాంకు సగమైతే కనపడిన బంకులో నింపేయండి.

రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ సుమారు 110 కిలోమీటర్లు. ఒక్కడివైతే మూడున్నర గంటలు, నలుగురికి నాలుగున్నర. నాలుగు బండ్లు ఆగిన ప్రతిసారీ హెల్మెట్లు, ఫొటోలు, ఒకడి కోసం ఇంకొకడు చూడడంతో పది నిమిషాలు అదనంగా పోతాయి. మొదటి రోజు కోరాపుట్ చాలు. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలోనే ఎత్తైన శిఖరం. దాన్ని అదే సాయంత్రం హడావిడిగా ఎక్కేసి చీకట్లో దిగొద్దు, రెండో రోజు పొద్దున్నకు ఉంచుకోండి. వరుసలో చిన్న బండ్లు రెండూ మధ్యలో ఉండాలి, చివరిది ఎప్పుడూ అనుభవం ఉన్నవాడిది. మలుపు లేదా కూడలి వచ్చిన ప్రతిచోటా వెనకవాడు కనపడేదాకా ముందువాడు ఆగాలి.

ప్రశ్న: దూర ప్రయాణంలో చైన్‌కు ఎన్ని కిలోమీటర్లకోసారి ఆయిల్ వేయాలి? వెంట ఏ సామాను ఉండాలి?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: 500 కిలోమీటర్లకోసారి. వానలో నడిపితే ఆ సాయంత్రమే. బండి ఆగిన వెంటనే చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కిరోసిన్ గుడ్డతో తుడిచి, లోపలి వైపు 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి వెనక చక్రం తిప్పండి. ఇంజను ఆపే చేయండి, నడుస్తుండగా గుడ్డ పెడితే వేళ్ళు పోతాయి. చైన్ లూజు చాలా బండ్లకు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, మీ బండి పుస్తకంలో ఉన్న అంకె ఖాయం. చక్రం తిప్పుతూ ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ కొలవాలి.

సామాను: క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, స్పార్క్ ప్లగ్గు, దాని పానా, ఫ్యూజులు, చైన్ లాకు, ట్యూబున్న టైరైతే ఒక ట్యూబు. కొత్త కేబుళ్ళు పాతవాటి పక్కనే ట్యాంకు కింద కట్టి ఉంచితే తెగినప్పుడు పది నిమిషాల పని.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి అరసవల్లికి స్కూటీ మీద మూడేళ్ళ పాపతో వెళ్ళి అదే రోజు రావచ్చా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: రావచ్చమ్మా. పాతపట్నం మీదుగా వెళ్ళేది అరవై పైచిలుకు కిలోమీటర్లే. కానీ నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే బండి గంటకు 40 దాటకూడదని, పాపకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని నిబంధన. అందువల్ల ఒకవైపు రెండున్నర గంటలు వేసుకోండి. నలభై నిమిషాలకోసారి ఆగండి. పాప తల వాలుతోందంటే ఎక్కడున్నా సరే ఆపి ఒళ్ళో పడుకోబెట్టుకోండి, నిద్రపోయే పిల్ల పట్టు వదిలేస్తుంది. తిరుగు ప్రయాణం ఎండ తగ్గాకే మొదలుపెట్టండి, చీకటికి రెండున్నర గంటల ముందు మాత్రం తప్పకుండా.

ప్రశ్న: మే నెలలో సిరొంచ నుంచి హైదరాబాదు, సుమారు 290 కిలోమీటర్లు. ఎండకు ఎంత తగ్గించుకోవాలి? టైర్లలో గాలి తీసేయమంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: గాలి తీయకండి. వేడికి టైరులో ఒత్తిడి కొంత పెరగడం మామూలే, కంపెనీ చెప్పిన అంకెలోనే ఆ పెరుగుదల లెక్క ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కి పగులుతుంది. పొద్దున్న బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

దూరం తగ్గించడం కన్నా వేళ మార్చుకోవడం ముఖ్యం. గాలి మన ఒంటి వేడిని మించాక, వేగం పెరిగేకొద్దీ చల్లదనం బదులు వేడే తగులుతుంది. చొక్కా చేతులు పైకి మడిచి నడపడం అందుకే తప్పు. పూర్తి చేతుల నూలు చొక్కా, మెడకు తడి తువ్వాలు. ఉదయం ఐదున్నరకు వెలుగు రాగానే బయల్దేరి కాళేశ్వరం, మంథని మీదుగా కరీంనగర్ 130 కిలోమీటర్లు తొమ్మిదికల్లా. టిఫిను చేసి సిద్దిపేట మరో 60, పదిన్నరకు అక్కడ. ఇక బండి నీడలో పెట్టేయండి. ఆగిన ప్రతిచోటా దాహం లేకపోయినా గ్లాసుడు నీళ్ళు. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు టీ చెంచాలే. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదని. చెమట ఆగిపోయి తల తిరిగితే ఆ రోజు బండి ముట్టుకోవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

సిద్దిపేట నుంచి నాలుగున్నరకు బయల్దేరితే వంద కిలోమీటర్లలో హైదరాబాదు శివార్లకు చేరేసరికి మసక చీకటి, పైగా ఆఫీసులు వదిలే వేళ. పని తొందర లేకపోతే రాత్రి సిద్దిపేటలో ఉండి మర్నాడు ఐదున్నరకు కదలండి, ఎనిమిదిలోపు నగరంలో ఉంటారు.