సర్వేలో టిక్కు పెడితే డాక్టర్‌కి చెప్పినట్టు కాదు

ప్రశ్న: నా వయసు 52. అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాం. పొట్ట, పేగుల సమస్యలపై సర్వే అంటూ పోస్టులో ప్రశ్నావళి వస్తే నింపి పంపాను. మూడు వారాలకు మళ్లీ అదే వచ్చింది. ఈసారి కొన్ని జవాబులు మారాయి. ఇలాంటి సర్వేలను నమ్మొచ్చా? మలంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది, మొలలేనని వదిలేశాను. ఇండియా నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్రలు ఆరు నెలలుగా వాడుతున్నాను.

జవాబు: రెండోసారి కావాలనే పంపి ఉంటారు. ఒకే మనిషి రెండుసార్లూ ఒకేలా రాస్తున్నాడా లేదా అన్నదే ప్రశ్నావళికి పరీక్ష. మీ రాష్ట్రంలోనే ఉన్న మేయో క్లినిక్ అనే పెద్దాసుపత్రిలో డాక్టర్ నికొలస్ టాలీ బృందం 1989లో ఇలాంటి ప్రశ్నావళినే ప్రచురించింది. గత 3 నెలల్లో వారానికి ఎన్ని రోజులు నొప్పి వచ్చిందంటే ఎవరికి కచ్చితంగా గుర్తుంటుంది? పైగా పేగుల బాధలు వస్తూ పోతూ ఉంటాయి. జవాబు మారినంత మాత్రాన అబద్ధం రాసినట్టు కాదు. అడిగే తీరూ ముఖ్యమే. 2021లో వెలువడిన 33 దేశాల సర్వేలో ఇంటర్నెట్‌లో జవాబిచ్చిన వారిలో 40 శాతం మందికి ఏదో ఒక జీర్ణ సమస్య తేలింది. ఇంటికి వెళ్లి అడిగినచోట అది 20 శాతం దగ్గరే ఆగింది. దేశాలు వేరు కాబట్టి తేడా అంతా పద్ధతిదే అనలేం. కానీ ఎదురుగా కూర్చున్న కొత్త మనిషికి మోషన్ సంగతులు ఎవరు చెబుతారు? జనంలో సమస్య ఎంత ఉందో అంచనాకి ఇవి పనికొస్తాయి, మీ జబ్బేమిటో తేల్చడానికి కాదు.

'రక్తం' దగ్గర టిక్కు పెట్టాను కదా, ఏదైనా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారని ఎదురుచూడకండి. మొలలే కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను. కానీ 52 ఏళ్ల వయసులో మలంలో రక్తం పడుతుంటే పెద్దపేగు క్యాన్సర్ లేదని తేల్చుకోవాల్సిందే. అమెరికాలో ఏ లక్షణమూ లేనివాళ్లకే 45 నుంచి ఆ పరీక్షలు చేయించుకోమంటున్నారు. మీరింకా చేయించుకోలేదా?

ఇక ఆ మాత్రలు. మనవాళ్లకి ఛాతీలో మంటా గ్యాసే, ఉబ్బరమూ గ్యాసే, ఒక్కోసారి గుండెపోటూ గ్యాసే! సూట్‌కేసులో పది షీట్లు పడేసుకుని వెళ్లి, అక్కడి డాక్టర్‌కి మాట మాత్రం చెప్పరు. ఆసిడ్ తగ్గించే మాత్రలు అల్సర్‌ని, ఒక్కోసారి కడుపులో క్యాన్సర్ లక్షణాలను కూడా కప్పేస్తాయి. మందు పేరు, మోతాదు రాసుకెళ్లి చూపించండి.

ఈ వారమే మీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. హిమోగ్లోబిన్, అవసరమైతే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయిస్తారు. బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా అన్నదీ చెప్పండి. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.