ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి వారాలు ముఖ్యం

రాయగడ

చి. సౌ. పద్మకు, పెద్దత్త దీవెనలు.

గుణుపురం నుంచి నీ ఉత్తరం అందింది. రొమ్ములు జారాయని, వాటిని పైకి లేపే సర్జరీ విశాఖలో చేయించుకుంటే ఇదేం సోకు అంటారేమోనని రాశావు. అననీ. పిల్లలకు పాలిచ్చినందువల్లే ఇలా అయిందన్న మీ అత్తగారి మాట మాత్రం నమ్మకు. గర్భం, వయసు, బరువు పెరిగి తగ్గడం అసలు కారణాలు. క్రీములకు డబ్బు తగలేయకు.

ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే వాయిదా వేసుకో, చర్మం మళ్లీ సాగుతుంది. డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ, అంటే ఆ సర్జరీలో పై చదువు, చేశారా అని మొహమాటపడకుండా అడుగు. ఇలాంటి వాటికి బీమా డబ్బు రాదు. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి మచ్చ పడుతుంది. బాగా జారి ఉంటే కింది మడత వెంట కూడా. ఏడాదికి పలచబడుతుందే గానీ పూర్తిగా పోదు. చెవులు కుట్టించినప్పుడు నీకు మచ్చ ఉబ్బి కాయ కట్టింది కదా, ఆ సంగతి తప్పక చెప్పు. నొప్పి మాత్రలు, నాటు మందులు ఏవి వాడుతున్నా దాచకు. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

సర్జికల్ వార్డులో నర్సుగా బతుకంతా గడిపినదాన్ని, అసలు చెప్పాల్సింది ఇది. ఆపరేషన్ రెండు మూడు గంటల పని. ఇంటికొచ్చాకే ఆడవాళ్లు ఆగరు. నీళ్ల బకెట్ ఎత్తకు, చిన్నవాణ్ణి చంకనెత్తుకోకు. దండెం మీది బట్టలు తీయాలన్నా, జడ వేసుకోవాలన్నా చేతులు పైకి లేస్తాయి, కుట్లు లాగుతాయి. అవి ఇంకొకరు చేయాలి, ముందే మాట్లాడి పెట్టుకో. ముందు వైపు హుక్కులున్న జాకెట్లు, నైటీలు కుట్టించుకో. ఆసుపత్రి వాళ్లిచ్చిన బ్రా నాలుగు నుంచి ఆరు వారాలు, డాక్టరు చెప్పినన్నాళ్లు, రాత్రీ పగలూ వేసుకో. వెల్లకిలా పడుకో. డాక్టరు పంపాకే రైలెక్కు. గతుకుల రోడ్డు మీద బస్సు వద్దు.

చనుమొన కొన్నాళ్లు మొద్దుబారుతుంది, చాలామందికి స్పర్శ తిరిగి వస్తుంది. ఒక పక్కే ఉన్నట్టుండి వాచినా, జ్వరం వచ్చినా, చనుమొన నల్లబడినా ఆ పూటే డాక్టరుకు ఫోను చెయ్యి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తు, తెల్లారేదాకా ఆగకు.

తేదీ ఖాయమైతే రాయి. ఇక్కడి మజ్జిగౌరి అమ్మవారి చైత్ర ఉత్సవాలు అయ్యాక పెట్టుకుంటే నేనూ వస్తాను.

మీ పెద్దత్త