లావా ‘ఆరి’ రాయవుతుందా, ‘గడ్డకట్టి’ అవుతుందా?

సందేహం: మా ఐదో తరగతి పాప ‘లావా ఆరి రాయి అయింది’ అని రాసింది. తోటి మాస్టారు ‘గడ్డకట్టి’ అని దిద్దమంటారు. గడ్డకట్టడం చలికి కదా! నిప్పులాంటి లావాకు ఆ మాట పొసగుతుందా?
– ఒక ఉపాధ్యాయురాలు, పులివెందుల

సమాధానం: పాప రాసింది తెలుగే. తడిబట్ట ఆరుతుంది, దీపం ఆరుతుంది, పులిహోరకు వండిన అన్నం పళ్లెంలో ఆరుతుంది. తడి పోయినా, మంట పోయినా, వేడి పోయినా మనకు ‘ఆరడమే’. చిక్కు వ్యాకరణంలో లేదు, వినే పిల్లల మనసులో ఉంది. వానకు తడిసిన నల్లరేగడి ఎండకు ఆరి బిగుసుకోవడం మీ పిల్లలు ఏటా చూసేదే. లావా కూడా అలాగే, నీరు ఇంకిపోయి గట్టిపడిందనుకుంటారు. లావా బురద కాదు, కరిగిన రాయి. అది గట్టిపడేది వేడి తగ్గడం వల్ల.

ఇక ‘గడ్డకట్టు’. దానికి చలే ఉండాలన్న నియమం లేదు. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, నల్లటి బసాల్టు లావా దాదాపు 1,000 డిగ్రీల దగ్గరే పూర్తిగా గడ్డకడుతుంది. రాయి అయ్యాక కూడా చెయ్యి పెడితే కాలిపోతుంది! ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

నెయ్యికి వాడే ‘పేరుకొను’ కూడా అందమైన మాటే. కానీ నీటి అడుగున మట్టీ సున్నమూ పొరలుగా చేరడాన్నీ ‘పేరుకోవడం’ అనే అంటాం. మనం ఇళ్లలో పరిచే కడప బండ అలా పుట్టిన సున్నపురాయి. నల్లగా ఉన్నంత మాత్రాన అది అగ్నిశిల కాదు. రెండు పుట్టుకలకూ ఒకే మాట వాడితే పిల్లలు తికమకపడతారు.

అయితే నెయ్యి పోలికను మాత్రం వదలొద్దు. నిదానంగా చల్లారిన నెయ్యి పూసకడుతుంది. రాయీ అంతే. భూమి లోతున చాలా నిదానంగా చల్లారిన గ్రానైటులో పూసలు కంటికి కనిపిస్తాయి. లేపాక్షి నంది ఆ రాయే. బయటికి పొంగి తొందరగా చల్లారిన బసాల్టులో అవి కనిపించనంత సన్నం.

మీ పులివెందుల దగ్గరి డోలరైటు అనే రాయి పూసల సన్నదనంలో ఈ రెంటికీ నడుమది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి పైకి రాకుండా సున్నపురాయి లాంటి వేంపల్లె డోలమైటు పొరల మధ్య దూరి అక్కడే గడ్డకట్టింది. దాని వేడికి పక్క రాయి మారిపోయి రాతినార (ఆస్‌బెస్టాస్) పుట్టింది. కాబట్టి డోలరైటును చూపిస్తూ ‘లావా’ అనకండి. నేల లోపల ఉన్నంతసేపూ అది మాగ్మా, బయటపడ్డాకే లావా. ‘అగ్నిశిల’ అన్న మాట గ్రానైటు, డోలరైటు, బసాల్టు అన్నిటికీ చెల్లుతుంది. ‘అగ్నిపర్వత శిల’ అని బయటికి వచ్చి గట్టిపడినదాన్నే అనాలి.

పాప వాక్యాన్ని కొట్టేయకండి. ‘ఆరి’కి ముందు ‘చల్ల’ చేర్చి, పక్కన మాస్టారి మాట పెట్టండి: ‘లావా చల్లారి, గడ్డకట్టి రాయి అయింది.’