జాబులు – జవాబులు: నేపాల్ గేటు మనిషికి తెరిచే ఉంటుంది, మరి బండికి?

ప్రశ్న: సొంత కారులో ముక్తినాథ్ వెళ్దామనుకుంటున్నాం. నేపాల్‌కి వీసా అక్కర్లేదు కదా, మరి సునౌలీ సరిహద్దు దగ్గర కార్లు గంటల తరబడి ఎందుకు ఆగిపోతాయి? (నిజామాబాద్ పాఠకుడు)

వీసా అక్కర్లేనిది మనిషికి, బండికి కాదు. 1950 ఒప్పందం నాటి నుంచి ఇరు దేశాల వాళ్లూ నడిచి వెళ్లి నడిచి రావచ్చు. కారు గేటు దాటితే మాత్రం భన్సార్ కట్టాలి, అంటే కస్టమ్స్ సుంకం. దీన్ని రోజుల లెక్కన కడతారు. దాంతో పాటు అక్కడి రవాణా శాఖ అనుమతి కూడా తీసుకోవాలి.

ఒరిజినల్ ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోండి, జిరాక్సులు రెండేసి సెట్లు తీయించండి. కారు బావగారి పేరనో తమ్ముడి పేరనో ఉంటే వాళ్ల సంతకంతో అనుమతి పత్రం కావాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇన్సూరెన్సు. మన పాలసీ మామూలుగా దేశం వరకే చెల్లుతుంది. బయల్దేరే ముందే కంపెనీకి అదనపు ప్రీమియం కట్టి, నేపాల్‌కి పరిధి పొడిగించినట్టు పాలసీలో రాయించుకోవాలి. అది లేకుండా ఘాట్ రోడ్డు ఎక్కవద్దని మా గట్టి సలహా.

భన్సార్ మీ లెక్క కంటే రెండు రోజులు ఎక్కువకే కట్టండి. వానాకాలంలో ముక్తినాథ్ దారిలో బేనీ ఊరు దాటాక కొండచరియ విరిగితే బండి అక్కడే ఆగుతుంది, గడువు మాత్రం ఆగదు. ఇంకోటి, నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. సాయంత్రం కౌంటర్ మూసే వేళకు చేరితే ఆ 15 నిమిషాలకే రాత్రంతా ఇవతల పడుకోవాల్సి రావచ్చు.

మనుషులకు పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. 15 ఏళ్ల లోపు, 65 దాటినవాళ్లకు ఆధార్ కూడా చెల్లుతుంది. డబ్బు వంద నోట్లలో తీసుకెళ్లండి, మన 100 అక్కడ 160.

పెద్దవాళ్లు వెంట ఉంటే, గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, గేటు నడిచి దాటి, అవతల పచ్చ నంబరు ప్లేటున్న టూరిస్టు బండి మాట్లాడుకోవడమే సుఖం.

ప్రశ్న: మా మనవరాలిది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు మన దేశం ఇచ్చే కార్డు) ఉంది. జయనగర్ నుంచి జనక్‌పుర్ రైల్లో తీసుకెళ్లొచ్చా? (గుంటూరు పాఠకురాలు)

కుదరదమ్మా. 2022 ఏప్రిల్‌లో ఆ బ్రాడ్‌గేజ్ రైలు మొదలైనప్పుడే మూడో దేశం వాళ్లను ఎక్కించకూడదని నిబంధన పెట్టారు. ఓసీఐ మన దేశం వరకే పనికొస్తుంది, నేపాల్‌కి ఆ పాప విదేశీయురాలే. సునౌలీ మీదుగా అయితే అక్కడే వీసా ఇస్తారు. అయితే గేటు తెరిచే ఉంటుంది కాబట్టి జనం వెంట నడిచి మన ఇమిగ్రేషన్ ఆఫీసు దాటిపోతారు చాలామంది. మన వైపు ఎగ్జిట్ ముద్ర లేకపోతే అవతలివాళ్లు వెనక్కి పంపుతారు. ముందు మన ముద్ర, ఆ తర్వాతే వాళ్ల వీసా.

ప్రశ్న: నేపాల్‌కి కోల్‌కతా దగ్గర కదా, సరుకు విశాఖలో ఎందుకు దించుతున్నారు? (గాజువాక పాఠకుడు)

నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్‌కి కోల్‌కతా నుంచి దాదాపు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి దాదాపు 1,400. అయితే కోల్‌కతాది నది పోర్టు, లోతు తక్కువ. పెద్ద ఓడల సరుకును కొలంబోలోనో సింగపూర్‌లోనో చిన్న ఓడలకు మార్చి తేవాలి. విశాఖలో లోతుంది కాబట్టి పెద్ద ఓడే నేరుగా వచ్చి ఆగుతుంది. సముద్రం మీద ఆదా అయిన రోజులు, పట్టాల మీద పెరిగిన దూరాన్ని చాలావరకు పూడ్చేస్తాయి. మన వైపు రక్సౌల్ దాటి బీర్‌గంజ్‌లోని సిర్సియా డ్రై పోర్టు (నేల మీది సరుకుల రేవు) దాకా మన బ్రాడ్‌గేజే వెళ్తుంది కనుక గేటు దగ్గర సరుకు లారీలకు మార్చే పనీ లేదు.

కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ తాళం వేస్తే అది ఎక్కడుందో, మధ్యలో ఎవరైనా తెరిచారో తెరమీద తెలిసిపోతుంది, దాంతో సరిహద్దులో సీలు తనిఖీలకు పట్టే కాలం తగ్గుతుంది. అసలు ఖర్చు తిరుగుదారిలో ఉంటుంది. ఖాళీ కంటైనర్ గడువులోగా పోర్టుకు చేరకపోతే షిప్పింగ్ లైన్ రోజుకింత చొప్పున వసూలు చేస్తుంది. అందుకే దిగుమతిదారు సరుకు కంటే ముందు తిరుగు రేక్ (గూడ్సు రైలు) ఎప్పుడని అడుగుతాడు.